కొసరు అడగని డాక్టరమ్మ

సోమవారం

ఈ రోజు డాక్టర్ చింతాడ మందాకినిని రెండోసారి ఫెయిల్ చేసి, ఇంటికొచ్చి గిన్నెడు సేమ్యా పాయసం నిలబడే తాగేశాను. బాధ పుడితే నాకు ఆకలి పుడుతుంది. పాయసం అయిపోయాక కూడా బాధ అలాగే ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను.

నా పేరు జామి సుభాషిణి. మా ఊరు బొంగరంలో ఆపరేషన్లు చేసే డాక్టర్లకి మార్కులు వెయ్యడం నా ఉద్యోగం, మాట్లాడకుండా ఉండలేకపోవడం నా జబ్బు. ఉద్యోగం చేసేటప్పుడు నోరు విప్పకూడదు. ఆఫీసుకి పంపే చిట్టాలో అంకెలు తప్ప ఇంకేమీ రాయకూడదు. ఈ సొంత చిట్టా లేకపోతే నేను ఎప్పుడో పేలిపోయేదాన్ని.

కొయ్యడం, కుట్టడం మరచేతులు చూసుకుంటాయి. అవి థియేటర్ పైకప్పుకి బిగించి ఉంటాయి. వణకవు, అలవవు, మధ్యలో టీ అడగవు. డాక్టరు వేలి కొసతో ఎలా చెబితే అలా వింటాయి. అందుకని చేతి పనికి ఇప్పుడు పరీక్ష లేదు. నేను చూసేది మిగతా మనిషిని. గండం వస్తే ముందుగా పసిగట్టిందా, ఏం చెయ్యాలో తేల్చుకుందా, పక్కవాళ్ళకి చెప్పిందా, అందర్నీ కలుపుకుని నడిపించిందా. ఒక్కోదానికి నాలుగు మార్కులు.

పొద్దున్న రబ్బరు కన్ను పెట్టి, బల్ల కింద మీట నొక్కి, లెన్స్ వెనక ఉండే పల్చటి పొరని దొంగచాటుగా చింపాను. శుక్లం ఆపరేషన్లో అంతకన్నా పెద్ద గండం లేదు. పొర చిరిగితే లెన్స్ ముక్కలు కంటి లోపలికి జారిపోతాయి. మందాకిని నాకన్నా ముందే చూసింది. క్షణంలో మరచేతుల్ని ఆపింది, ముక్క కింద జెల్లీ పోయించింది, పైకి తెచ్చింది, కన్ను కాపాడింది. అంతా అయ్యేవరకూ ఆవిడ నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. నర్సు అప్పలకొండమ్మకి ఏమీ తెలియక, కూనిరాగం తీస్తూ, చిరిగిన పొర మీద నిలవని మామూలు లెన్సు విప్పి అందించబోయింది. మందాకిని అదీ తానే పక్కకి పెట్టి, అలమరా దాకా నడిచి వెళ్ళి వేరే లెన్సు తెచ్చుకుంది.

పసిగట్టడానికి నాలుగు. తేల్చుకోవడానికి నాలుగు. నడిపించడానికి సున్నా. మాటకి సున్నా.

తర్వాత అడిగాను, అప్పలకొండమ్మకి ఒక్క మాట చెబితే ఏం పోయేదని. ఆవిడ గ్లౌజులు విప్పుతూ, "చెప్పేలోపు నేనే చేసేయొచ్చు కదండీ" అంది. పొగరుతో అన్న మాట కాదు. ఆ మనిషికి నిజంగానే అలా అనిపిస్తుంది. మూడోసారి కూడా తప్పితే ఆపరేషన్ చేసే హక్కు పోతుంది, జీవితాంతం కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసుకోవాలి. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క కంటి డాక్టరు ఆవిడ. ఆపరేషన్ తప్ప ఆవిడకి ఇంకో లోకం లేదు. పాయసం తాగకపోతే ఏం చెయ్యను?

మంగళవారం, సంత

పరీక్షకీ పరీక్షకీ మధ్య డాక్టరుకి సలహా ఇవ్వచ్చని నిబంధనల్లోనే ఉంది. సలహా ఏ గదిలో ఇవ్వాలో లేదు. అందుకని మందాకినిని సంతకి లాక్కెళ్ళాను.

కింది అంతస్తులో బరువు ఎక్కువ కనక కూరలు కొనేటప్పుడు అందరం మూలుగుతాం. ఇళ్ళకి మెట్లెక్కేకొద్దీ సంచి తేలికవుతుంది, కొన్న కూరలు తగ్గిపోయాయేమో అనిపిస్తుంది. చుక్కల మధ్య తేలే ఈ ఊరు బొంగరంలా తిరుగుతున్నంతసేపే మాకీ బరువు. ఊరి అసలు పేరు కాగితాల మీద బారెడు పొడుగుంటుంది, దాన్ని ఎవరూ పలకరు.

నా ఆలోచన ఏమిటంటే, సాయం అడగలేని మనిషి ముందు కొసరు అడగడం నేర్చుకోవాలి. కూర తూచాక "కొసరెయ్యవా" అని సంచి చాపని మనిషి మా ఊళ్ళో ఇంకొకరు లేరు. మందాకిని పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా అడగలేదట. నాకు నమ్మబుద్ధి కాలేదు.

పోలమ్మ దగ్గర అరకిలో చిక్కుడుకాయలు తూపించాం. పోలమ్మ కొట్టు వెనక బుట్టలో నాలుగు కోళ్ళు, ముందు కూరల గుట్టలు, మధ్యలో ఊరంతటికీ వినపడే గొంతుతో పోలమ్మ. నేను మోచేత్తో పొడిచాను. మందాకిని నోరు తెరిచింది. చెవులు ఎర్రబడ్డాయి. నోరు మూసింది. మళ్ళీ తెరిచి, "ఇంకో పావుకిలో ఇవ్వండి" అంది.

కొసరు అడగలేక పావుకిలో కొంది. నేను కొట్టు బల్ల పట్టుకుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాను. పోలమ్మ నన్నూ ఆవిడనీ మార్చి మార్చి చూసి, "ఏటమ్మా, డాకటరమ్మకి ఒంట్లో బాగులేదేటి" అని నన్ను అడిగింది.

అక్కడే కలిశాడు పాలవలస సన్యాసిరావు గారు. తిప్పుడు ఆఫీసుకి పెద్ద. ఊరు తిరగాలన్నా ఆగాలన్నా ఆయన నోటి మాట కావాలి. డ్యూటీలో ఉన్న పెద్ద గొంతు వింటే తప్ప ఆ మర కదలదు. ఒక కన్ను ఎప్పుడో చిన్నప్పుడే పోయింది. రెండో కంట్లో శుక్లం ముదిరి, వంకాయల్ని చేత్తో తడిమి ఏరుకుంటున్నాడు. ఏరినవాటిలో రెండు ఉల్లిపాయలు కూడా ఉన్నాయి.

శుక్రవారం ఆయన కంటికి ఆపరేషన్. మందాకిని మూడో పరీక్ష కూడా అదే; మూడోది రబ్బరు కంటి మీద పెట్టరు. ఆ పూటకి డ్యూటీ గణపతికి అప్పగిస్తారు కదా అని అడిగాను. గణపతి ఆయన కింద పనిచేసే ఇంజనీరు. సన్యాసిరావు గారికి కోపం వచ్చింది.

"అరగంట పనికి అప్పగింతలేటి? కాగితాలు రాయడానికే ఒకపూట పడద్ది. పడుకునే ఊరు తిప్పుతాను."

బుధవారం

సలహా కొనసాగింది. పక్కింట్లో కరివేపాకు అడిగి తెమ్మని పంపాను. మందాకిని వెళ్ళి వాళ్ళ గుమ్మం ముందు చాలాసేపు నిలబడింది. వాళ్ళే తలుపు తీసి ఏం కావాలమ్మా అంటే, ఊరికే చూసిపోదామని వచ్చానంది. వాళ్ళు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. అడక్కుండానే కాఫీ సంపాదించిన ఈ మనిషికి నేను అడగడం ఎలా నేర్పేది?

సాయంత్రం అప్పలకొండమ్మ ఇంటికి వెళ్ళాను. వరండాలో ఈ గోడ నుంచి ఆ గోడకి ఆకుపచ్చ పట్టీలు కట్టి వాటి మీద చీరలు ఆరేసింది. మంచి గట్టి పట్టీలు. ఎక్కడివని అడిగితే, థియేటర్ బల్లవే, ఊరు ఆగినప్పుడు రోగిని కట్టడానికట, ఊరు ఆగి పదేళ్ళ పైమాటే కదా, ఊరికే పడి ఉన్నాయని తెచ్చానంది. తెలివైనదానివే అని మెచ్చుకున్నాను. వెళ్ళేటప్పుడు నాకూ ఒకటి ఇస్తావా అని అడిగాను కూడా. కొసరు అడగడంలో నాకు ఎవరూ సాటి రారు.

గురువారం

మందాకిని ఇవాళ తనంతట తానే ఒక ప్రశ్న అడిగింది. పండగ చేసుకోవాల్సిన మాట, కానీ ప్రశ్న విన్నాక పండగ మూడ్ పోయింది. రేపు పరీక్షలో నేను ఎక్కడ కూర్చుంటానో, ఏమేం చెయ్యకూడదో చెప్పమంది. కిటికీ పక్కన కూర్చుంటాను, మాట్లాడను, ఆపరేషన్లో చెయ్యి వెయ్యను అన్నాను. వేస్తే పరీక్ష రద్దు. రద్దయితే మూడో అవకాశం వాడేసుకున్నట్టే, నాలుగోది లేదు.

ఆవిడ తలూపి, "సరేనండి, మీ జోలికి రాను" అంది.

వెళ్ళేముందు నా గుమ్మం దగ్గర ఆగి, మళ్ళీ ఆగి, కరివేపాకు ఉంటే రెండు రెమ్మలు ఇస్తారా అంది. ఇచ్చాను. మెట్ల దాకా వెనకాలే వెళ్ళి ఇంకో రెమ్మ కూడా ఇచ్చాను. నాకు ఆవిడంటే ఇంత ఇష్టం ఎప్పుడు పుట్టుకొచ్చిందో తెలియలేదు. మార్కులు వేసేవాళ్ళకి ఇలాంటివి మంచివి కావు.

శుక్రవారం

ఈ రోజు జరిగింది వెంటనే రాసేస్తాను. ఇప్పుడు రాయకపోతే నిజంగానే పేలిపోతాను.

సన్యాసిరావు గారు బల్ల మీద పడుకున్నాడు. తల కదలకుండా చుట్టూ కడియం బిగించారు. ముఖం మీద నీలం గుడ్డ, ఆ కంటి దగ్గర మాత్రం కన్నం. నొప్పి తెలియకుండా చుక్కలు వేశారు కాబట్టి మనిషి మెలకువగానే ఉన్నాడు. ఎంత మెలకువంటే, గుడ్డ కింద ఫోను పెట్టించుకుని తిప్పుడు ఆఫీసులో గణపతిని తిడుతూనే ఉన్నాడు. ఏదో పైపు కారుతోందట. ఆయన ఒక్కో తిట్టుకీ గుడ్డ లేచి పడుతోంది.

మందాకిని కాసేపు చూసింది. నేను పెన్ను పట్టుకుని చూశాను. అప్పుడు అంది, చిన్నగా, "బాబాయ్, కాసేపు మాట్లాడకండి."

సన్యాసిరావు గారు టక్కున ఆగిపోయాడు. నేను మాట దగ్గర ఒకటి వేశాను. నిన్నటి కరివేపాకు పనిచేసిందని మనసులో గంతులు వేశాను.

శుక్లం చింతగింజలా గట్టిపడిపోయింది. మరచేతులు దాన్ని ముక్కలు చేశాయి, ఒక్కొక్కటే బయటికి లాగాయి. తెర మీద అంతా పెద్దదిగా కనిపిస్తోంది. చివరి ముక్క మిగిలింది. నేను అప్పుడే మధ్యాహ్నం ఏం వండుకోవాలా అనుకుంటున్నాను. మందాకిని వేలు ఆగింది.

ఆ ఆగడం నాకు తెలుసు. తెర మీద చూశాను. లెన్స్ వెనక పొర చిరిగి ఉంది. ఈసారి మీట నేను నొక్కలేదు. ముక్క చిరుగు అంచున వేలాడుతూ లోపలికి దిగుతోంది. అడుక్కి పోతే దాన్ని తీసే డాక్టరు పెద్దచక్రంలో ఉన్నాడు, ఆ ఊరికి ఓడలో మూడు నెలల దారి. ఈలోపు ఆ కన్ను వాచిపోయి చూపు పోతుంది. ఆయనకి ఉన్నది అదొక్కటే కన్ను.

మందాకిని మాట్లాడలేదు. వేలితో మరచేతులకి చెప్పింది, అవి ముక్క కింద కొంచెం జెల్లీ పోశాయి. ముక్క ఆగింది. మళ్ళీ దిగడం మొదలుపెట్టింది. రబ్బరు కంటి ముక్కలా తేలికది కాదు కదా, బరువు లాగుతూనే ఉంది. అప్పలకొండమ్మ కూనిరాగం తీస్తోంది. నేను పెన్ను కొరుకుతున్నాను. చెప్పు, చెప్పు, చెప్పు అని లోపల అరుస్తున్నాను. బయటికి అరిస్తే పరీక్ష రద్దు.

ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. సంతలో లాగే నోరు తెరిచింది, మూసింది. నాకు పావుకిలో చిక్కుడుకాయలు గుర్తొచ్చాయి.

"అప్పలకొండమ్మా," అంది మందాకిని. "వెనక పొర చిరిగింది. ముక్క లోపలికి జారుతోంది. జెల్లీ సూది నువ్వే చేత్తో పట్టుకో, నేను ఆపమనేదాకా మెల్లగా వదులుతూ ఉండు."

కూనిరాగం ఆగింది. విన్న మాట తిరిగి చెప్పాలని నర్సులకి నేర్పుతాం. అప్పలకొండమ్మ మూడు వార్డులకి వినపడేలా తిరిగి చెప్పింది, ముక్క జారిపోతున్న సంగతితో సహా.

"ఏటి జారిపోతంది?" అన్నాడు గుడ్డ కింద సన్యాసిరావు గారు.

నేను ఇన్నేళ్ళలో ఇలాంటి చోట డాక్టర్లు ఏం చెబుతారో విన్నాను. ఏం లేదండి, పడుకోండి అంటారు. మందాకిని తెర మీంచి కళ్ళు తిప్పకుండా అంది:

"మీ కంట్లో లెన్స్ ముక్క, బాబాయ్. అడుక్కి పడితే నేను తియ్యలేను. నా ఒక్కదానివల్ల కావడం లేదు. మీ సాయం కావాలి."

"నానేటి సెయ్యగల్నమ్మా, ఇలగ పడుకొని?"

"ఊరు ఆపించండి. బరువు లేకపోతే ముక్క దిగదు. పైకి తెచ్చేస్తాను."

నీలం గుడ్డ కదలడం మొదలుపెట్టింది. ఆయన నవ్వుతున్నాడు. ఇన్నేళ్ళ నౌకరీలో ఊరు ఆపమని అడిగినవాళ్ళు లేరు, నువ్వొక్కదానివేనమ్మా అంటున్నాడు. నవ్వొద్దని మందాకిని గట్టిగా చెప్పింది. ఆయన నవ్వాపుకుని ఫోనులో అన్నాడు.

"గణపతీ, గంట కొట్టించు. ఊరు ఆపుతన్నాం. ఎందుకంటే నా కన్నుకి. నాను సెప్తన్నాను, నా గొంతే. పొయ్యిలార్పమను, పిల్లల్ని పట్టుకోమను."

గంట మోగింది. పదేళ్ళ తర్వాత మోగింది కాబట్టి సగం మందికి అదేమిటో తెలియలేదని తర్వాత విన్నాను. బ్రేకు పడగానే గది మెల్లగా తూర్పుకి ఒరిగినట్టయింది. చక్రాల బల్ల నా మోకాలి పక్కనుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. బరువు తగ్గుతోంది, నా కాళ్ళు నేలని వదులుతున్నాయి.

"పట్టీలు కట్టండి," అంది మందాకిని.

అప్పలకొండమ్మ ముఖం పాలిపోయింది. పట్టీలు ఆవిడ వరండాలో ఉన్నాయి, వాటి మీద రెండు చీరలూ నాలుగు జాకెట్లూ ఉన్నాయి. తల కడియంలో ఉంది కానీ ఒళ్ళు పైకి లేచి తిరిగిందంటే మెడ మెలిపడుతుంది, కంట్లో సూది ఉంది. అప్పలకొండమ్మ చేతిలో జెల్లీ. మందాకిని వేళ్ళు మరచేతుల మీద. గదిలో ఖాళీగా ఉన్నవి నా రెండు చేతులే.

మందాకిని నావైపు తిరిగింది. ఆవిడకి తెలుసు. నిన్ననే అంత వివరంగా అడిగి తెలుసుకుంది. రద్దయితే ఇంక అవకాశం లేదని ఆ కళ్ళలో నాకు కనిపించింది. నా కళ్ళలో ఆవిడకి ఏం కనిపించిందో తెలియదు.

"సుభాషిణి గారూ," అంది. "ఆయన్ని పట్టుకోండి. గట్టిగా."

పలకా పెన్నూ వదిలేశాను. పెన్ను కింద పడలేదు, వదిలిన చోటే నిలబడింది. నేను గోడని తన్ని సన్యాసిరావు గారి మీదికి ఎగిరి, బల్ల కాలికి నా కాలు మెలేసి, ఆయన నడుం చుట్టూ రెండు చేతులూ వేశాను. ఆయనా నేనూ కలిసి జానెడు లేచి అక్కడ ఆగాం. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఏదైనా పట్టుకోవడం అదే మొదలు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

గదిలో అన్నీ లేచాయి. దూది ఉండలు, గ్లౌజుల పెట్టె, అప్పలకొండమ్మ కొంగు, మందాకిని జడ. మరచేతులు కప్పుకి బిగించి ఉన్నాయి కనక వాటికి చీమ కుట్టినట్టయినా లేదు. తెర మీద ముక్క దిగడం ఆగిపోయింది. దాని కింద జెల్లీ చేరుతోంది, ముక్క పైకి కదిలింది.

అప్పుడే ఫోనులో గణపతి గొంతు. బడిలో సాంబారు గిన్నెలోంచి లేచిపోయిందట, ఉండలు ఉండలుగా తరగతుల్లోకి వెళుతోందట, పిల్లలు వెంటపడి తాగుతున్నారట, హెడ్‌మాస్టరు కప్పుకి అతుక్కుని అరుస్తున్నాడట, ఇక తిప్పేయమంటారా అని అడుగుతున్నాడు.

"అయినాదా, డాకటరమ్మా?" అన్నాడు సన్యాసిరావు గారు.

ముక్క సగం దూరంలో ఉంది. మందాకిని చెవులు మామూలుగానే ఉన్నాయి. నేను చూశాను.

"ఇంకొంచెం కావాలి," అంది. ఒక్క క్షణం ఆగి, "కొసరెయ్యండి, బాబాయ్" అంది.

నేను ఆయన పొట్ట మీద ముఖం పెట్టుకుని నవ్వాపుకోలేక చచ్చాను. నా కంటినీళ్ళు గుండ్రంగా గాల్లోకి పోయాయి.

"గణపతీ," అన్నాడు సన్యాసిరావు గారు, చాలా గంభీరంగా. "డాకటరమ్మకి కొసరెయ్."

ముక్క బయటికి వచ్చింది. చిరుగు సర్దారు. కొత్త లెన్సు కూర్చుంది, ఈసారి ఏ లెన్సు కావాలో మందాకిని పేరు పెట్టి అడిగింది, అప్పలకొండమ్మ దాన్నే అందించింది. మందాకిని అందరికీ వినపడేలా అయిపోయిందని చెప్పింది. ఊరు మెల్లగా కదిలింది, మెల్లగా మాకు మళ్ళీ ఒళ్ళు వచ్చింది. అన్నిటికన్నా ఆఖర్న నా పెన్ను వచ్చి నా నెత్తి మీద పడింది.

శనివారం

ఊళ్ళో ఎవరూ పనికి వెళ్ళలేదు. అందరూ రోడ్ల మీద నిలబడి ఎవరెవరు ఎక్కడెక్కడ తేలారో చెప్పుకుంటున్నారు. పోలమ్మ కోళ్ళు జన్మలో మొదటిసారి నిజంగా ఎగిరి, ఇప్పుడు కిందికి రావడానికి ఒప్పుకోవడం లేదు. వంకాయలు మూడో అంతస్తు పైన దొరికాయి. ప్రతి శుక్రవారం ఊరు ఆపాలని పిల్లలు బడి ముందు కూర్చున్నారు. ముసలివాళ్ళు కూడా వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చున్నారు.

పొద్దున్నే కట్టు విప్పారు. సన్యాసిరావు గారు రెప్పలు ఆడించి, గోడ చూశాడు, కిటికీ చూశాడు, అప్పలకొండమ్మ చీర రంగు చెప్పాడు. మందాకినిని దగ్గరికి పిలిచి ముఖమంతా తేరిపార చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"నిన్న నన్ను వాటేసుకున్నది నువ్వేటి? సిన్నపిల్లనుకున్నాను."

చూపు బాగానే వచ్చిందని రాసుకున్నాను.

ఇక నా సంగతి. పెద్దచక్రంలో ఉన్న పరీక్షల మండలికి రేడియోలో చిట్టా పంపాలి; మూడు నెలల దారి మనుషులకే, కబురుకి ఒక పూట చాలు. దాని ముందు కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాను. నేను చెయ్యి వేసిన ముక్క రాయను. రోగిని పట్టీలతో కట్టారు అని రాస్తాను. పసిగట్టడానికి నాలుగు, తేల్చుకోవడానికి నాలుగు, మాటకి నాలుగు, నడిపించడానికి నాలుగు. పాస్. అప్పలకొండమ్మ పట్టీలు తెచ్చి మళ్ళీ బల్లకి బిగించేసింది కూడా, ఒకదాని మీద జాకెట్ హుక్కు ఇంకా ఉంది. గదిలో ఉన్నవాళ్ళం నలుగురమే, ఎవరం నోరు విప్పం. నోరు విప్పకుండా ఉండడం నాకు కష్టమే అయినా ఆవిడ కోసం పడతాను.

ఈ మాట మందాకినికి సంతోషంగా చెప్పాను. ఆవిడ సంతోషించలేదు.

"మిమ్మల్ని అడిగానని రాయండి," అంది.

అలా రాస్తే రద్దవుతుంది, కళ్ళజోళ్ళ దుకాణమే గతి, నీకేమన్నా మతిపోయిందా అన్నాను. కోపంలో గారు, మీరు అన్నీ ఎగిరిపోయాయి.

"నా జన్మలో మొదటిసారి అడిగానండి. అది రాయకపోతే నేను అడగనట్టే కదా."

నేను కాసేపు వాదించాను, తర్వాత ఏడ్చాను, తర్వాత రాశాను. ఉన్నది ఉన్నట్టు రాశాను, నా చేతులతో సహా. మాటకి నాలుగు వేసి, రద్దు కాబోయే కాగితం మీద కూడా ఆ నాలుగుని రెండుసార్లు దిద్దాను. పంపేశాక ఇంటికొచ్చి పాయసం పెట్టుకున్నాను. తాగబుద్ధి కాలేదు. ఇలా ఎప్పుడూ కాలేదు.

మంగళవారం, సంత

జవాబొచ్చింది. చదివింది చదివినట్టు రాసేంత ఓపిక లేదు, కాబట్టి నా మాటల్లో రాస్తాను.

పరిశీలకులు తమంతట తాము చెయ్యి వేస్తే పరీక్ష రద్దు, అవకాశం పోయినట్టే అని నిబంధన. దాచిపెట్టినట్టు తేలినా అంతే. కానీ డాక్టరే స్వయంగా పరిశీలకురాలిని సాయం అడిగితే ఏం చెయ్యాలో నిబంధనల్లో ఎక్కడా లేదు. ఎందుకంటే ఇంతవరకూ ఏ డాక్టరూ అడగలేదట. మండలి ఒక రోజంతా వాదించుకుని తేల్చింది ఇదీ: అవకాశం పోలేదు. కొత్త పరిశీలకుడు వచ్చే ఓడలో వస్తాడు, మూడో పరీక్ష మళ్ళీ జరుగుతుంది. అప్పటిదాకా డాక్టర్ మందాకిని ఆపరేషన్లు చేసుకోవచ్చు. సుభాషిణి మాత్రం ఈ డాక్టరుకి ఇకమీదట మార్కులు వెయ్యడానికి వీల్లేదు, మనసు ఒకవైపు మొగ్గిందని స్పష్టంగా తెలుస్తోంది.

నిజమే మరి, నా మనసు పూర్తిగా ఆవిడవైపే ఉంది. మెట్లు రెండేసి చొప్పున దూకుతూ సంతకి పరిగెత్తాను, కింది అంతస్తు బరువు కూడా నాకు తెలియలేదు.

మందాకిని పోలమ్మ కొట్టు దగ్గర చిక్కుడుకాయలు తూపిస్తోంది. పక్కన నల్లద్దాలు పెట్టుకుని సన్యాసిరావు గారు వంకాయలు ఏరుతున్నాడు. ఈసారి అన్నీ వంకాయలే. ఆయాసపడుతూ కబురు చెప్పాను. మందాకిని రెండు చేతులతో ముఖం కప్పుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను. చేతులు తీస్తే నవ్వుతోంది.

సన్యాసిరావు గారు మాత్రం నవ్వలేదు. వంకాయ పక్కన పెట్టి మా ఇద్దరికీ దగ్గరగా వచ్చి, గొంతు తగ్గించాడు. ఓడలు రేవులో కట్టాలన్నా ఆయన మాటే కావాలి.

"ఆ పరీచ్చ ఓడకి రేవు ఖాళీ నేదని సెప్పేస్తాను. ఎన్నాళ్ళు సెప్పమంటే అన్నాళ్ళు. నాను బతికున్నంతకాలం ఖాళీ ఉండదు."

అది నేరం. నేను ఉత్సాహంగా తలూపాను.

"వద్దు, బాబాయ్," అంది మందాకిని. "రానివ్వండి. వచ్చినాయన్ని కూడా ఏదో ఒకటి పట్టుకోమంటాను."

పోలమ్మ తూకం దింపి చిక్కుడుకాయలు ఆవిడ సంచిలో పోసి, ఇంకో బేరం వైపు తిరగబోయింది. మందాకిని అక్కడే నిలబడింది.

"కొసరెయ్యలేదు," అంది.

పోలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. ఊరు ఊరంతా ఆపించి కొసరు పట్టుకెళ్ళినావు, నా కోళ్ళు ఇంకా దిగనేదు, మళ్ళీ కొసరేటమ్మా అని సంతంతా వినేలా అడిగింది. అంటూనే ఓ గుప్పెడు తీసి సంచిలో వేసింది. మందాకిని కదలకుండా సంచి ఇంకాస్త ముందుకి చాపింది.